కాగితం మీద పసుపు పసుపుగా రావాలంటే

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఫొటో స్టూడియో అంటే చాలాచోట్ల ఇంటి ముందుగదే. ఒక కంప్యూటర్, ఇంక్ ట్యాంక్ ప్రింటర్, లామినేషన్ మెషిన్, గోడకు తెల్ల పరదా. గల్ఫ్ వీసాకు పాస్‌పోర్టు సైజు ఫొటోలు, మైలపోలు ఫొటోలు, ఆల్బమ్ వచ్చేదాకా ఆగలేక పెళ్లివాళ్లు అడిగే నాలుగు కాపీలు, పోయిన పెద్దమనిషి పాత నలుపు తెలుపు బొమ్మను పెద్దది చేసి ఫ్రేము కట్టడం, సిరిసిల్లలో అయితే చీరల డిజైన్ల నమూనాలు, అన్నీ ఆ ఒక్క ప్రింటర్ మీదే. ఆల్బమ్ పని కరీంనగర్‌కో హైదరాబాద్‌కో పోతుంది గానీ, గంటలో చేతికి అందాల్సింది ఇక్కడే తీయాలి. "అన్నా, మొహం ఎర్రగ కొడ్తుంది, ఇంకోటి తియ్యి" అని గిరాకీ అన్నప్పుడల్లా కాగితమూ ఇంకూ దండగ.

తెర మీది రంగును కాగితం మీదికి సరిగ్గా దించే పద్ధతి ముప్పై ఏళ్లుగా ఉంది. 1993లో యాపిల్, అడోబీ, కొడాక్, మైక్రోసాఫ్ట్ సహా ఎనిమిది కంపెనీలు కలిసి అంతర్జాతీయ కలర్ కన్సార్షియం పెట్టుకున్నాయి. ఐసీసీ ప్రొఫైల్ అనే ఫైలు వాళ్లు కుదుర్చుకున్నదే. కంప్యూటర్ ప్రింటర్‌కు పంపేది ఎరుపు ఇంత, ఆకుపచ్చ ఇంత, నీలం ఇంత అనే అంకెలు. అవే అంకెలకు ఒక ప్రింటర్ ఒక రంగు వేస్తుంది, ఇంకోటి ఇంకో రంగు వేస్తుంది. మధ్యలో యంత్రంతో సంబంధం లేని కొలత ఒకటి కావాలి. అది మనిషి కన్ను. 1920లలో బ్రిటన్‌లో రైట్, గిల్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 17 మంది కళ్లతో రంగులు సరిపోల్చి తీసిన లెక్కలను అంతర్జాతీయ ప్రకాశ కమిషన్ 1931లో ప్రమాణం చేసింది. వాటి మీద 1976లో కట్టిన ల్యాబ్ అనే రంగు అంకెలే ఇవాళ ప్రింటర్ ప్రొఫైళ్లకు మధ్యవర్తి. ఫలానా అంకెలు పంపితే ఈ కాగితం మీద కంటికి ఫలానా రంగు వచ్చింది, ఫలానా రంగు రావాలంటే ఈ అంకెలు పంపాలి అని రెండువైపులా రాసిపెట్టిన పట్టికే ప్రొఫైల్.

ఆ పట్టిక ప్రింటర్ ఒక్కదానికే చెందినది కాదన్న సంగతి దగ్గరే మన ఊళ్లలో లెక్క తప్పుతోంది. ప్రింటర్, అందులో పోసిన ఇంకు, వాడిన కాగితం, డ్రైవర్‌లో ఎంచుకున్న పేపర్ రకం, క్వాలిటీ, ఇవన్నీ కలిస్తేనే ఒక ప్రొఫైల్. ఇందులో ఏ ఒక్కటి మారినా పట్టిక పాతబడుతుంది. ఒకరి కొలతలకు కుట్టిన జాకెట్టు ఇంకొకరికి పట్టనట్టే, మోడల్ ఒకటే అయినా ఇంకూ కాగితమూ వేరైతే స్నేహితుడి ప్రింటర్‌కు చేసిన ప్రొఫైల్ మన ప్రింటర్‌కు పనికిరాదు. ఇక్కడ అమ్ముడుపోయే 180, 230, 270 జీఎస్‌ఎం గ్లాసీ కాగితాల ప్యాకెట్లు చూడండి. కవరు మీద పేరు అదే ఉంటుంది, లోపలి పూత ఒక లాట్‌కు ఒకలా ఉంటుంది. కంపెనీ ఇంకు ఖరీదనిపించి ఒక సీసా కంపాటిబుల్ ఇంకు పోస్తారు, అది అయిపోయాక ఏది దొరికితే అది. ట్యాంకులో పాత ఇంకూ కొత్త ఇంకూ కలిసిపోతాయి. అలాంటి ప్రింటర్‌కు ఎంత ఖరీదైన పరికరంతో ప్రొఫైల్ చేసినా వారంలో తేడా వస్తుంది. అందుకే ఈ విషయంలో నా మొదటి మాట పరికరం గురించి కాదు. ఒకే ఇంకు, ఒకే కాగితం, ఒకే సెట్టింగ్ మీద ఆరు నెలలు నిలబడగలిగినవాళ్లకే ప్రొఫైల్ పనికొస్తుంది. నిలబడలేనివాళ్లు ముందు అది సాధించాలి.

ఇక మన రంగుల సంగతి. కోరుట్ల, మెట్‌పల్లి చుట్టుపక్కల పసుపు పంట ఉంది, ప్రతి శుభకార్యంలో పసుపు ఉంది. కెమెరాను మామూలుగా ఎస్‌ఆర్‌జీబీలో పెట్టి తీస్తారు. 1996లో హ్యూలెట్ ప్యాకర్డ్, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించిన ఈ రంగుల పరిధి అప్పటి మానిటర్ల కోసం పుట్టింది. పసుపులో, బంతిపూల నారింజలో బాగా గాఢంగా ఉండే ఛాయలు దాని హద్దు దాటి ఉంటాయి, ఫైలులోకి రాకముందే తెగిపోతాయి. విచిత్రమేమంటే గ్లాసీ కాగితం మీద ఇంక్‌జెట్ ఆ గాఢమైన పసుపును వేయగలదు. వేయగల చేయి ఉండి కూడా అందించే ఫైలులో రంగు లేదు. రా ఫైలుగా తీసి, అంతకంటే పెద్ద పరిధి ఉన్న అడోబీ ఆర్‌జీబీలోకి మార్చుకుంటే ఈ నష్టం కొంతవరకు తప్పుతుంది. ప్రొఫైల్ గురించి మాట్లాడేవాళ్లు ఈ ముందుమెట్టును తరచుగా వదిలేస్తారు.

బతుకమ్మ ఫొటో ఇంకా కఠినమైన పరీక్ష. తంగేడు, బంతి ఒక ఎత్తు. గునుగుకు అద్దే గులాబీ, ఊదా, నీలం రంగులు ఇంకో ఎత్తు. అద్దకపు రంగుల్లో కొన్ని పడిన వెలుతురును తామే మెరిపించి వెనక్కి పంపుతాయి. కాగితం మీది ఇంకు ఆ మెరుపును ఇవ్వలేదు. ఇక్కడ ప్రొఫైల్ చేసేది సర్దుబాటు. పరిధి దాటిన రంగులను ఎలా లోపలికి తేవాలో రెండు దారులు ప్రధానం. రెలెటివ్ కలరిమెట్రిక్ అన్నది హద్దులో ఉన్న రంగులను ముట్టుకోదు, దాటినవాటిని అంచుకు నెట్టేస్తుంది. పూరేకుల మధ్య గీతలు కలిసిపోయి ఒకే ముద్దగా కనిపించడానికి కారణం ఇదే. పర్సెప్చువల్ అన్నది మొత్తం రంగులన్నిటినీ కాస్త కుదించి మధ్య తేడాలను కాపాడుతుంది. బతుకమ్మకు పర్సెప్చువల్, మొహాలకూ పాస్‌పోర్టు ఫొటోలకూ బ్లాక్ పాయింట్ కాంపెన్సేషన్ పెట్టి రెలెటివ్ అన్నది నా అభిప్రాయం. రెండూ ఒక్కొక్క కాపీ తీసి చూసుకోవడమే అసలు పద్ధతి.

మొహం రంగుకు ఒక చరిత్ర ఉంది. 1950ల నుంచి ప్రింటు రంగు సరిచూసుకోవడానికి కొడాక్ ల్యాబులకు పంపిన షర్లీ కార్డుల మీద ఉన్నది తెల్లజాతి మహిళ బొమ్మ. ఆ చర్మం బాగా వస్తే ప్రింటు బాగా వచ్చినట్టు. నల్లటి, చామనఛాయ చర్మాలు ఆ లెక్కలో లేవు. పలు జాతుల వాళ్లున్న కార్డులు 1990లలో గానీ రాలేదు. మన స్టూడియోల్లో మొహాన్ని తెల్లబరిచే అలవాటు పాతుకుపోవడానికి ఆ వారసత్వం కూడా కొంత కారణమని నేను నమ్ముతాను. కొలిచి చేసిన ప్రొఫైల్‌కు ఏ చర్మం మీదా మోజు ఉండదు. చామనఛాయ చామనఛాయగానే వస్తుంది, అందులోని ఎరుపు, పసుపు మెరుగులతో సహా. మంచి ప్రొఫైల్ వల్ల నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించేది ఇదే.

ఆ తర్వాత బూడిదరంగు. పాత నలుపు తెలుపు ఫొటోను రంగు ఇంకులతో ప్రింటు చేస్తే లేత భాగం ఆకుపచ్చ కొడుతుంది, ముదురు భాగం ఎరుపు కొడుతుంది. మూడు నాలుగు రంగులను సమతూకంలో కలిపి బూడిద తేవాలి కాబట్టి ఏ కొంచెం తేడా ఉన్నా కంటికి దొరికిపోతుంది. ఎప్సన్ ఎల్805, ఎల్8050 లాంటివి లేత సయాన్, లేత మజెంటా ఇంకులతో ఈ పని చేస్తాయి. కానన్ జీ570, జీ670లలో బూడిద ఇంకే విడిగా ఉంది, దానితోపాటు ఎరుపు ఇంకు కూడా. నలుపు తెలుపు పని ఎక్కువున్నవాళ్లకు రెండోదే సౌకర్యం. ఏ ప్రింటర్‌కు ప్రొఫైల్ చేసినా మొదట ప్రింటు తీసి చూడాల్సింది పెళ్లికూతురి బొమ్మ కాదు, తెలుపు నుంచి నలుపు దాకా మెల్లగా దిగే బూడిద పట్టీ. పాస్‌పోర్టు ఫొటోలో మొహం వెనకాల తెలుపుకు నీలి జీర ఎక్కడం కూడా ఈ పట్టీలోనే ముందుగా తెలుస్తుంది.

ప్రొఫైల్ సంపాదించే దారులు నాలుగున్నాయి. ఇక్కడ ఎక్కువమంది నడిచేది చూపు మీద సర్దుకోవడం. ఎర్రగా వస్తే ఎరుపు తగ్గించి, ముదురుగా వస్తే వెలుతురు పెంచి, ఆ సర్దుబాటును ఫొటోషాప్‌లో యాక్షన్‌గా దాచుకుంటారు. చేయి తిరిగినవాళ్లు దీంతో పాస్‌పోర్టు ఫొటోలు చక్కగానే తీస్తారు. కానీ మొహానికి కుదిరిన సర్దుబాటు పచ్చటి వరిపొలానికి కుదరదు. ఒక మూలను సరిచేస్తే ఇంకో మూల చెడుతుంది. పైగా ఆ చూపు తెర మీద ఆధారపడింది. పూర్తి వెలుతురులో, నీలంగా వెలిగే తెరను ప్రమాణంగా పెట్టుకుంటే ప్రింటర్ చేయని తప్పుకు ప్రింటర్‌ను తిట్టుకోవాల్సి వస్తుంది. చాలాసార్లు ప్రింటు ముదురుగా వచ్చింది అనేవాళ్ల అసలు సమస్య తెర మరీ వెలుతురుగా ఉండటమే.

రెండో దారి కాగితం కంపెనీలు ఊరికే ఇచ్చే ప్రొఫైళ్లు. హానెముహ్లె, క్యాన్సన్ లాంటి కంపెనీలు తమ కాగితాలకు ఇస్తాయి, బాగుంటాయి. అయితే అవి ఎక్కువగా పిగ్మెంట్ ఇంకు వాడే పెద్ద ప్రింటర్లకూ, కంపెనీ ఇంకుకూ చేసినవి. మన బజారులో దొరికే గ్లాసీ ప్యాకెట్‌కు అలాంటి తోడు లేదు.

స్కానర్‌తో చేసే పద్ధతి చాలామందిని ఊరిస్తుంది, ఎందుకంటే స్కానర్ ఇంట్లో ఉండనే ఉంది. మొనాకో ఈజీకలర్ లాంటి సాఫ్ట్‌వేర్లు 2000ల మొదట్లోనే ఇది చేశాయి. రంగుల గళ్ల చార్టును ప్రింటు తీసి, కొలత తెలిసిన ఇంకో కార్డుతోపాటు స్కాన్ చేసి, రెండింటినీ పోల్చి లెక్క కడతారు. దీనికి పుట్టుకతోనే ఒక లోపం ఉంది. స్కానర్ మూడు ఫిల్టర్లతో చూస్తుంది, అవి మన కంటిలా చూడవు. కొలత తెలిసిన కార్డు మీద ఉన్నది పాత ఫొటో కాగితపు రంగు, చార్టు మీద ఉన్నది ఇంక్‌జెట్ ఇంకు. కంటికి ఒకేలా ఉన్న రెండు రంగులు స్కానర్‌కు వేరుగా, వేరుగా ఉన్నవి ఒకేలా కనిపించవచ్చు. ఏ ప్రొఫైలూ లేని ప్రింటర్‌కు ఇది కొంత మేలు చేస్తుంది, బూడిద దగ్గర మాత్రం నమ్మలేం. ఫోన్ కెమెరాతో చేయవచ్చా అని అడిగేవాళ్లున్నారు. తెలుపును తనంతట తానే సర్దుకునే కెమెరా కొలమానం కాలేదు.

మిగిలింది స్పెక్ట్రోఫొటోమీటర్. తెర మీద పెట్టి కొలిచే చవక పరికరం వేరు, ఇది వేరు. కొనబోయి పొరబడేవాళ్లు చాలామంది. తెరది తెర వెలుగును మాత్రమే చదువుతుంది. స్పెక్ట్రో తన దీపాన్ని కాగితం మీద వేసి, తిరిగొచ్చిన వెలుతురును తరంగదైర్ఘ్యాల వారీగా కొలుస్తుంది. 2008లో కలర్‌మంకీ పేరుతో వచ్చి, తర్వాత ఐ1 స్టూడియోగా, ఆపై క్యాలిబ్రైట్ కలర్‌చెకర్ స్టూడియోగా పేరు మారిన పరికరం ఇంటి స్థాయిది. దానికంటే పైది ఐ1 ప్రో. చిన్నదాని ధర కూడా ఇంటి ఫొటో ప్రింటర్ ధరను మించుతుంది. దానితో వచ్చే సాఫ్ట్‌వేర్ 50 గళ్ల పేజీలు రెండు తీయిస్తుంది, మామూలు పనికి చాలు. అంతకంటే కావాలనుకుంటే ఆర్గిల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, గ్రేమ్ గిల్ అనే ఆస్ట్రేలియా ప్రోగ్రామర్ రాసింది. బటన్లుండవు, ఆజ్ఞలు టైపు చేయాలి. కానీ ఇదే పరికరంతో వందల గళ్లు చదివించి బూడిద, చర్మపు ఛాయల దగ్గర గళ్లు ఒత్తుగా పెట్టుకోవచ్చు. ఓపిక ఉన్న కుర్రాళ్లకు ఆదివారం పూట నేర్చుకోదగిన పని.

చేసే తీరు దగ్గరగా చూద్దాం. ముందు నాజిల్ చెక్. ఒక్క గీత తెగినా ఆ రోజు చార్టు తీయకూడదు. వేసవిలో నాలుగు రోజులు ప్రింటర్ ఆపితే హెడ్డు ఎండి గీతలు తెగడం మామూలే. తర్వాత పేపర్ రకం. డ్రైవర్‌లో ఎంచుకునే పేరు కాగితం మీద ఎంత ఇంకు పడాలో నిర్ణయిస్తుంది. పల్చటి పూత ఉన్న 180 జీఎస్‌ఎం కాగితానికి ప్రీమియం గ్లాసీ పెడితే ముదురు చోట్ల ఇంకు నిలిచిపోయి గింజలు గింజలుగా కనిపిస్తుంది. రెండు మూడు రకాలతో ముదురు రంగులు వేసి చూసి, ఇంకు మడుగు కట్టనిది ఎంచుకుని, దాన్ని ప్రింటర్ మీదే రాసి అంటించుకోవాలి. ఆ తర్వాత రంగు సర్దుబాటు పూర్తిగా ఆపాలి: ఎప్సన్‌లో నో కలర్ అడ్జస్ట్‌మెంట్, కానన్‌లో మ్యాచింగ్ నన్. 2010లో వచ్చిన ఫొటోషాప్ సీఎస్5 నుంచి రంగు నిర్వహణ లేకుండా ప్రింటు తీసే వీలు ఎత్తేశారు కాబట్టి, చార్టును అడోబీ కలర్ ప్రింటర్ యుటిలిటీ నుంచో ప్రొఫైల్ చేసే సాఫ్ట్‌వేర్ నుంచో పంపాలి.

చార్టు అంటే ఏ4 కాగితం నిండా వేలిగోరంత గళ్లు, పక్కపక్కన పొంతన లేని రంగులు. దాన్ని వెంటనే కొలవకూడదు. డై ఇంకు ఆరుతూ ఛాయ మారుతుంది. ఒక రోజు, వానాకాలంలో ఇంకాస్త ఎక్కువ, ఎండ తగలని చోట విడిగా పరిచి పెట్టాలి. చదివేటప్పుడు కింద అదే రకం తెల్ల కాగితాలు రెండు మూడు వేయాలి, లేకపోతే బల్ల రంగు కూడా కొలతలో కలుస్తుంది. పరికరాన్ని వరుస వెంట ఒకే వేగంతో లాగాలి. వరుస తప్పినా తడబడినా సాఫ్ట్‌వేర్ మళ్లీ చదవమంటుంది. చివరికి వచ్చే చిన్న ఫైలుకు ప్రింటర్, కాగితం, ఇంకు, సెట్టింగ్, నెల కలిపి పేరు పెడితే తర్వాత వెతుక్కోవాల్సిన పని ఉండదు. ప్రింటు తీసేటప్పుడు ఫొటోషాప్‌కే రంగు బాధ్యత అప్పగించి, ఈ ఫైలు ఎంచుకుని, డ్రైవర్‌లో సర్దుబాటును మళ్లీ ఆపాలి. ఆపడం మరిస్తే ఒకే దిద్దుబాటు రెండుసార్లు జరిగి బొమ్మంతా మజెంటా కొడుతుంది. ప్రొఫైల్ బాగాలేదని పారేసినవాళ్లలో ఎక్కువమంది దగ్గర జరిగింది ఇదే.

చూసే వెలుతురు ఇంకో పెద్ద విషయం. ప్రొఫైల్ లెక్క డీ50 అనే ప్రమాణపు పగటి వెలుతురుకు కట్టినది. మన స్టూడియోలో ఉండేది నీలంగా వెలిగే ఎల్‌ఈడీ ట్యూబులైటు, అందులో ఎరుపు తక్కువ. దాని కింద చామనఛాయ మొహం పాలిపోయినట్టు కనబడితే తప్పు ప్రింటుది కాదు. అదీగాక తెల్లగా మెరవడానికి చవక కాగితాల్లో కలిపే మెరుపు రసాయనం అతినీలలోహిత కాంతికి నీలంగా స్పందిస్తుంది. వాకిట్లోకి తెస్తే ఒక తెలుపు, గదిలో ఇంకో తెలుపు. 2009 నాటి ఐఎస్‌ఓ ప్రమాణం కొలిచే పద్ధతులను ఎం0, ఎం1, ఎం2 అని విడదీసింది ఇలాంటి కాగితాల గురించే. కలర్‌మంకీ దీపం తెల్ల ఎల్‌ఈడీ కాబట్టి దానికి ఈ మెరుపు కనిపించదు. మన పనికి అది మేలే, ఫ్రేములో అద్దం వెనక ఇంటి గోడకు వేలాడే ఫొటోకు బయటి అతినీలలోహితం ఎలాగూ తక్కువ. ఆర్గిల్‌లో అయితే ఫొటో వేలాడబోయే చోటి దీపపు వెలుతురును కొలిచి, దానికే లెక్క కట్టించుకోవచ్చు.

ఈ మాటలన్నీ సిరిసిల్లలో అద్దకం పని చేసేవాళ్లకు కొత్తవి కావు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్లు మరమగ్గాలకు వచ్చిన దగ్గర్నుంచి ఒకే ఛాయను లక్షల మీటర్లలో నిలబెట్టడం ఏమిటో ఆ ఊరికి తెలుసు. దుకాణపు లైటు కింద కలిసిన రెండు రంగులు ఎండలో విడిపోతాయని చీరల వ్యాపారి ఎవరైనా చెబుతారు. రంగుల తేడాను అంకెలో చెప్పే సూత్రాల్లో పేరుపడ్డ సీఎంసీ 1984లో బ్రిటన్ అద్దకందారుల సంఘం నుంచి వచ్చింది, ఫొటో పరిశ్రమ నుంచి కాదు. తెరలను కొలిచే స్పైడర్ పరికరాలు చేసే డేటాకలర్ బట్టల మిల్లులకు రంగు కొలిచే యంత్రాలు అమ్మే కంపెనీయే. ఫొటోల్లో ఇప్పుడు వాడే డెల్టా ఈ 2000 లెక్కన, పక్కపక్కన పెట్టి చూసే రెండు రంగుల మధ్య తేడా 1 దగ్గర ఉంటే కంటికి దొరకడం కష్టం. ఇంటి ప్రింటర్‌కు మొత్తం గళ్ల సగటు 2 లోపు వస్తే నేను చాలా మంచి ప్రొఫైల్ అంటాను. సిరిసిల్ల చీర నమూనా ఫొటోకు మాత్రం ఒక హద్దు ఒప్పుకోవాలి. జరీ తళుకు, పాలిస్టర్ నిగనిగ కోణాన్ని బట్టి మారేవి, ఒక్క కోణం నుంచి కొలిచే పట్టికలో అవి ఇమడవు. నమూనా ఫొటోతోపాటు జానెడు గుడ్డముక్క పంపడమే నిజాయితీ గల వ్యాపారం.

ఇంకు వెలిసిపోవడాన్ని కూడా ప్రొఫైల్ ఆపలేదు. డై ఇంకు ఎండకూ గాలికీ పాలిపోతుంది, కంపాటిబుల్ ఇంకు మరింత తొందరగా. దండ వేసి ఏళ్ల తరబడి ఉంచుకునే బొమ్మను ల్యాబ్‌లో ఫొటో కాగితం మీద తీయించమనే నేను చెబుతాను.

ఒక్కొక్క స్టూడియో స్పెక్ట్రో కొనడం అయ్యే పని కాదు, అవసరం కూడా లేదు. ఏడాదికి రెండుసార్లు వాడే పరికరం అది. ఆగస్టు 19న ప్రపంచ ఫొటోగ్రఫీ దినోత్సవం జరుపుకునే ఫొటోగ్రాఫర్ల సంఘాలు మన మండలాల్లో చాలా ఉన్నాయి. సంఘం తరఫున ఒక పరికరం కొని, ఆర్గిల్ తెలిసిన ఒకరి దగ్గర పెడితే మూడు ఊళ్లకూ సరిపోతుంది. ప్రింటర్ మోసుకురావాల్సిన పనే లేదు. కోరుట్లలో చార్టు తీసి, ఒక రోజు ఆరబెట్టి, మడత పడకుండా అట్ట మధ్య పెట్టి, వెనకాల సెట్టింగులు రాసి బస్సులో జగిత్యాలకు పంపితే చదవడానికి అరగంట పడుతుంది. ప్రొఫైల్ ఫైలు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా తిరిగి వస్తుంది. కొత్త ఇంకు సీసా విప్పినప్పుడల్లా పదిహేను ఇరవై గళ్ల చిన్న పట్టీ ఒకటి తీసి, పాత పట్టీ పక్కన పగటి వెలుతురులో పెట్టి చూసుకోవాలి. తేడా కనిపిస్తేనే పెద్ద చార్టు మళ్లీ తీయడం.